మామగారు రెండు గుడ్లు పెడతారు

ఊల్కాన్ కోడలిగా వచ్చిన మొదటి వేసవిలోనే మందలో ఒక గొర్రెపిల్ల పోయింది. ఎత్తుకుపోయింది గద్దే, కాదనను. పోగొట్టింది మాత్రం మర్యాద.

అప్పుడామెకు పందొమ్మిదేళ్ళు. నారిన్‌లో టీచరు చదువు పూర్తిచేసి, ఆట్‌బాషి లోయలోని మా తాష్‌బులాక్ గ్రామానికి సాత్కిన్ భార్యగా వచ్చి నెల కూడా కాలేదు. కుటుంబమంతా వేసవి మేతకి కొండ మీదకి మకాం మార్చింది. తలకి కొత్త కోడలి తెల్లగుడ్డ చుట్టుకుని, ఉన్ని గుడారం ముందు నిలబడి, తోలుతిత్తిలో గుర్రప్పాలు చిలుకుతోంది. ఎదుటి వాలులో గొర్రెలు మేస్తున్నాయి. పైనుంచి గద్ద రెక్కలు ముడుచుకుని దిగడం ఆమె కంటపడింది. ఇరవై అడుగుల దూరంలో మామగారు అటు తిరిగి కూర్చుని జీను పట్టీ కుట్టుకుంటున్నాడు. ఒక్క కేక వేస్తే చాలు. ‘బుర్కుత్’ అనే ఒక్క మాట.

మా కిర్గిజ్ భాషలో ఆ పెద్ద గద్దకి అదే పేరు. చిక్కల్లా మామగారి పేరు కూడా అదే కావడం. ఆయన బుర్కుత్‌బాయ్. మా వైపు కోడలు మామగారి పేరు గానీ భర్త అన్నల పేర్లు గానీ పలకదు. ఆ పేర్లలో దాగిన మాటని కూడా పలకదు. మామగారి పేరులో ఇనుము ఉందనుకోండి, ఆ ఇంటి కోడలు బతికినన్నాళ్ళూ ఇనుముని ‘గట్టిది’ అనే అంటుంది. మామగారితో నేరుగా మాట్లాడటం, ఆయన ముఖంలోకి చూడటం కూడా కూడదు. అందుకని ఊల్కాన్ గుడారంలో ఉన్న అత్తగారికి కేకేసింది.

“అత్తమ్మా, మామయ్య పేరున్న ఆయన వస్తున్నారు. మన గొర్రెపిల్లల దగ్గరికి దిగుతున్నారు.”

లోపలి నుంచి అత్తగారు కాల్బూబూ తాపీగా అడిగింది. “ఏ ఊరి నుంచే? టీకి నీళ్ళు పడెయ్యనా?”

ఆ పేరున్న చుట్టం ఎవరో వస్తున్నాడనుకుంది పాపం. ఆమె కెటిల్ వెతుక్కునేలోపు గద్ద గొర్రెపిల్లతో సహా వాగు దాటేసింది. సంగతి తెలిశాక కాల్బూబూ బయటికొచ్చి, ఆకాశాన్నీ కోడలినీ మార్చి మార్చి చూసి, ఎవర్ని తిట్టాలో తేలక కెటిల్‌ని తిట్టింది. ముసలాయన మాత్రం ఇటు తిరగలేదు. పక్కన కొయ్య మీద, కళ్ళకి తోలుటోపీ పెట్టుకుని కూర్చున్న తన వేటగద్దతో అన్నాడు. “విన్నావా? మీ జాతిని ‘ఆయన’ అంది. పదేళ్ళుగా నా చేత్తో మేపుతున్నా, నేనెప్పుడూ నిన్నంత మాట అన్లేదు.”

ఊల్కాన్‌కి నవ్వొచ్చింది. నవ్వకూడదు గనక తిత్తిని ఇంకాస్త గట్టిగా చిలికింది.

ఆ ఇంట్లో పేర్ల బాధ అక్కడితో ఆగలేదు. ముసలాయన తండ్రీ తాతా గద్దలతో వేటాడినవాళ్ళే. ఆ మురిపెంతో ఆయన పెద్దకొడుక్కి షుమ్కార్ అని పెట్టుకున్నాడు, అంటే డేగ. రెండోవాడికి తురుమ్తాయ్, అంటే పిట్టంత చిన్న డేగ. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టి పోవడంతో మూడోవాడికి సాత్కిన్ అని పెట్టారు. ‘అమ్మేసినవాడు’ అన్నమాట. చావు గుమ్మంలోకి వచ్చినా, వీణ్ణి ఎవరికో అమ్మేశారట అనుకుని వెనక్కి పోవాలని. ఆ ఒక్క పేరూ పక్షిది కాకపోయింది. మిగతా ఆకాశమంతా ఊల్కాన్ నోటికి తాళమే.

ఇలాంటి కోడలు ఊరి బడిలో టీచరు. నాలుగో తరగతి దాకా అన్నీ ఆమే చెప్పాలి. నగరం నుంచి వచ్చే పుస్తకాల్లో ఓక్ చెట్లూ ముళ్ళపందులూ ఉండేవి. మా పిల్లలు పుట్టి బుద్ధెరిగాక వాటి మొహం చూసి ఉంటే ఒట్టు. కిటికీ బయట తిరిగే బొద్దు కొండ ఉడుత గురించి గానీ, బడి కప్పు మీద వాలే పక్షి గురించి గానీ ఒక్క ముక్క లేదు. ఊల్కాన్ పిల్లల్ని బయటికి తీసుకుపోయి కళ్ళెదుట కనిపించేవి చెప్పడం మొదలుపెట్టింది. పక్షుల దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు. అందుకని లక్షణాలన్నీ చెప్పేది. కాలివేళ్ళ దాకా ఈకలుంటాయి, చలికి మేజోళ్ళు తొడుక్కున్నట్టు. కన్ను గుంటలో కదలదు గనక తలంతా తిప్పి చూడాలి. రెప్ప కింద ఇంకో పల్చటి రెప్ప ఉంటుంది. ఎవరు చెప్పండి? పిల్లలు ఒకర్ని తోసుకుని ఒకరు “బుర్కుత్, అక్కా” అని అరిచేవాళ్ళు.

“నేననలేదు, మీరే అన్నారు,” అనేది ఊల్కాన్, అత్తగారు వింటే సాక్ష్యానికి పనికొస్తుందని.

అది పిల్లలకి ఆటయిపోయింది. కొండమేకకీ అదే, మంచుగడ్డకీ అదే. ముందు వర్ణన, చివర్న పేరు. చాలా ఏళ్ళ తర్వాత నగరంలో విద్యావేత్తలు దీన్ని గొప్ప బోధనాపద్ధతి అంటూ నోరు తిరగని మాటలతో వ్యాసాలు రాశారు. అవి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అది పద్ధతీ కాదు, పాడూ కాదు. నోరు కట్టేసుకున్న కోడలి తిప్పలు. ఆ తిప్పల్లోంచి ఒక రచయిత్రి పుట్టడం ఆవిడ గొప్ప, మన సిద్ధాంతాల గొప్ప కాదు.

చెప్పినవి మర్చిపోకుండా నోటుపుస్తకంలో రాసుకునేది. తెలియనివి ఎవర్ని అడగాలి? ఆ లోయలో పక్షుల సంగతి మామగారికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆయన్ని అడిగే వీల్లేదు. అయితే ముసలాయన గడుసువాడు. కోడలు అటుగా వచ్చి, పాలకుండ దించి, అవసరం లేకపోయినా నడికట్టు సవరించుకుంటూ నిలబడితే ఆయనకి అర్థమయ్యేది. వెంటనే తన గద్దతో కబుర్లు మొదలుపెట్టేవాడు. “నువ్వు పుట్టిన గూడు ఎన్నేళ్ళదో తెలుసా? మీ అమ్మమ్మ కట్టింది. ఏటా నాలుగు కొమ్మలు తెచ్చి దాని మీదే పడేస్తారు తప్ప మీ వాళ్ళు కొత్తది కట్టరు, సోమరి జాతి.” గద్దకి తన సంగతులు తనకే ఎందుకు చెప్పాలో ఎవరూ అడగలేదు. ఊల్కాన్ లోపలికెళ్ళి రాసుకునేది. కాల్బూబూ ఒకరోజు మొగుడితో, ఆ గద్దకి చెవుడు రాలేదుగా, అంత గట్టిగా అరుస్తారేం అంది.

అలా తొమ్మిదేళ్ళకి ఒక పుస్తకమైంది. పేరు ‘మన తల మీద ఎవరున్నారు’. సాత్కిన్ ట్రాక్టరు నడిపేవాడు, బొమ్మలు బాగా వేస్తాడు. అతనే బొమ్మలేశాడు. రాతప్రతిలో ఊల్కాన్ ప్రతి పక్షికీ పేరు రాసింది, మూడింటికి తప్ప. ఆ మూడు చోట్లా ఇంట్లో ఎలా అంటుందో అలాగే రాసింది. బుర్కుత్ అనాల్సిన చోట ‘మామగారు’. డేగ చోట ‘పెద్దబావగారు’. చిన్న డేగ చోట ‘చిన్నబావగారు’. అసలు పేర్లు అచ్చువేసేవాళ్ళే పెట్టుకుంటారనుకుంది. ఉత్తరంలో ఆ ముక్క రాయాలా వద్దా అని ఆలోచించి, ఎంతైనా కిర్గిజ్ వాళ్ళేగా, ఈ మాత్రం చెప్పాలా అని ఊరుకుంది.

చెప్పాల్సింది. రాజధాని ఫ్రున్జే నగరంలో ఆ రాతప్రతి పడింది ఆల్బెర్ట్ అనే కుర్ర సంపాదకుడి చేతిలో. కిర్గిజ్ బిడ్డే, కానీ నగరంలో పుట్టి, నగరంలో పెరిగి, సొంతభాషని నిఘంటువులో వెతుక్కుని నేర్చుకున్నవాడు. పల్లె మాటలంటే ప్రాణం పెడతాడు. ఎలుగుబంటిని తాతయ్య అనే జనం ఉన్నప్పుడు గద్దని మామగారు అనే జనం ఉండకూడదా అనుకున్నాడు. పొంగిపోయి, ఒక్క అక్షరం కూడా మార్చకుండా, కింద చుక్కగుర్తు పెట్టి ‘నారిన్ వైపు వాడుక పేరు’ అని తనే వివరణ కూడా రాసి అచ్చుకి పంపాడు.

మే నెలలో పుస్తకాల కట్ట వచ్చింది. ఊరంతా బడి దగ్గర పోగయింది. మా ఊరి మనిషి పేరు అట్ట మీద ఉండటం అదే మొదటిసారి. సమష్టి వ్యవసాయ క్షేత్రం పెద్ద ఒక కాపీ తీసుకుని గట్టిగా చదవబోయాడు. తొమ్మిదో పేజీలో సాత్కిన్ వేసిన అందమైన గద్ద బొమ్మ. దాని కింద పెద్ద అక్షరాలతో ‘మామగారు’. ఊల్కాన్ మామగారి పట్ల మర్యాద తప్పకూడదని పేజీ అంతా ‘ఆయన’, ‘వారు’ అనే రాసింది. ఆ పెద్దమనిషి చదివాడు: మామగారు కొండకొమ్మున ఒంటరిగా కూర్చోవడానికి ఇష్టపడతారు. ఆయన కాళ్ళకి వేళ్ళ దాకా ఈకలుంటాయి. వసంతంలో మామగారు రెండు గుడ్లు పెడతారు.

ఒక్క క్షణం ఎవరూ నవ్వలేదు. తర్వాత నవ్వని వాళ్ళు లేరు. పేజీ తిప్పితే పెద్దబావగారు. వారు చూడటానికి దర్జాగా ఉన్నా ఎక్కువగా ఎలుకల మీదే బతుకుతారు. షుమ్కార్ ఆ ఊళ్ళో బ్రిగేడ్ నాయకుడు, నలుగురికి పనులు పురమాయించేవాడు. ఆ సాయంత్రానికే అతన్ని చూసి ఎవరో, ఇవాళ ధాన్యం కొట్టు దగ్గర ఎలుకలు ఎక్కువగా ఉన్నాయి, వచ్చి చూసిపోరాదా అన్నారు.

ఊల్కాన్‌కి తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి వంటమూలలో కూర్చుని లేవలేదు. జనం నవ్వడం ఆమె లెక్కచెయ్యలేదు. తొమ్మిదేళ్ళు ఆ ముసలాయన ముఖం వైపు చూడకుండా, పేరు పెదవి దాటకుండా కాపాడుకొచ్చింది. అంత జాగ్రత్తా ఆయన పరువుని వీధిన పడేయడానికే పనికొచ్చింది. ఆయన తనకి ఆ గద్ద ద్వారా చెప్పిన ప్రతి మాటా ఇప్పుడు ఆయన్ని ఎగతాళి చేసే మాటయింది.

ముసలాయనకి చదువు రాదు. పుస్తకం సాత్కిన్ చేత మొదటి నుంచి చివరి దాకా చదివించుకున్నాడు. గుడ్ల దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నాడు. మర్నాడు పొద్దున్నే గుర్రమెక్కి, జేబులో ఎండుపెరుగు ఉండలు పోసుకుని కొండల్లోకి పోయాడు. అరవై ఆరేళ్ళ మనిషి. ఎక్కడికని అడిగితే చెప్పలేదు.

మూడు రోజులు రాలేదు. అవమానంతో ఊరొదిలి పోయాడని చెవులు కొరుక్కున్నారు. షుమ్కార్ వచ్చి గుమ్మంలో నిలబడి, నాన్న తిరిగొచ్చే సరికి ఈ ఇంట్లో కాగితం కలం కనబడటానికి వీల్లేదన్నాడు. టీచరుద్యోగం చేసుకుంటే చేసుకోమను, రాతలు మాత్రం ఇంతటితో సరి అన్నాడు. సాత్కిన్ అన్నకి ఎదురు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది, నా దృష్టిలో.

ఆ మూడో రోజే నగరం నుంచి ఉత్తరం వచ్చింది. దక్షిణాది నుంచి ఒక టీచరు ప్రచురణాలయానికి రాశాడట, మా వైపు మామగారంటే వేరే ప్రాణి, దయచేసి వివరించగలరు అని. ఆల్బెర్ట్‌కి చీవాట్లు పడ్డాయి. అయినా పుస్తకం అందరికీ నచ్చింది. అన్ని బళ్ళకీ వెళ్ళేలా మళ్ళీ వేస్తారు. అయితే ఈసారి ప్రతి బొమ్మ కిందా అసలు పేరు రచయిత్రే తన చేత్తో రాసి, సంతకం పెట్టి పంపాలి. అది కుదరకపోతే ఈ పుస్తకం ఆపేసి, నగరంలో ఇంకెవరి చేతనైనా రాయిస్తారు. ఊల్కాన్ ఉత్తరం మడిచి పిండి డబ్బా కింద పెట్టింది. రాయననే జవాబివ్వాలని అప్పటికే నిశ్చయించుకుంది. రాస్తే ఇక ఆ ఇంట్లో ఆ ముసలాయన ఎదుట పడలేదు. రాయకపోతే ఇక ఎప్పుడూ రాయలేదు.

ఆ మధ్యాహ్నం ముసలాయన తిరిగొచ్చాడు. బట్టలు చిరిగాయి, అరచేతులు గీరుకుపోయాయి, మనిషి మాత్రం హుషారుగా ఉన్నాడు. ఉత్తరంలో ఏముందో గుర్రం దిగుతుండగానే సాత్కిన్ ఆయనకి చెప్పేశాడు. కాల్బూబూ ఏడుస్తూనే గొర్రెని కోయించింది. కొడుకులూ, ఊరి పెద్దలూ వచ్చి తివాచీ మీద గుండ్రంగా కూర్చున్నారు. ఊల్కాన్ గుమ్మం దగ్గర నిలబడి, తల వంచుకుని టీ పోసి అందిస్తోంది. ఉడికించిన గొర్రె తలకాయని పెద్ద పళ్ళెంలో ముసలాయన ముందు పెట్టారు. ఆయన కత్తి తీసి ఒక చెవి కోసి మనవడికిచ్చాడు, పెద్దల మాట వినాలని. ఇంకో చెవి మనవరాలికి. షుమ్కార్ గొంతు సవరించుకుని, నాన్నా ఆ పుస్తకం సంగతి ఏదో ఒకటి తేల్చాలి అన్నాడు.

“మూడు,” అన్నాడు ముసలాయన.

ఏమిటి మూడు అని షుమ్కార్ అడిగాడు.

“గుడ్లు. ఎర్రబండ మీద గూడుంది చూడు, అది ఎక్కి చూసొచ్చా. ఈ ఏడు మూడు పెట్టింది. రెండు పొదిగింది, ఒకటి మురిగిపోయింది. పుస్తకంలో రెండే అని రాసుంది. మామగారు రెండు గుడ్లు పెడతారంట. ఒక్కోసారి మూడు కూడా పెడతానని మీరెవరూ చెప్పలేదేంరా?”

తురుమ్తాయ్‌కి టీ పొలమారింది. అతను దగ్గుతూ నవ్వడం మొదలుపెట్టేసరికి ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. షుమ్కార్ మాత్రం మొహం మాడ్చుకుని, మరి నా ఎలుకల మాటేంటి నాన్నా అన్నాడు.

“డేగ ఎలుకల్ని తింటుందా, తినదా?”

“తింటుంది.”

“అయితే ఉండనీ.”

ముసలాయన గొర్రె తలకాయని తిప్పి, లోపలి నుంచి అంగిలి కోసి తీశాడు. గరుకుగా, అడ్డగీతలతో ఉంటుంది అది. మా వైపు దాన్ని ఆడపిల్లకిస్తారు, కుట్టుపనీ అల్లికపనీ బాగా కుదరాలని. ఆయన దాన్ని కత్తి మొన మీద పట్టుకుని గుమ్మం వైపు తిరిగాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి కోడలి ముఖంలోకి సూటిగా చూశాడు.

“ఇలా రా అమ్మాయ్. సూదితో చేసినా, కలంతో చేసినా చేతిపని చేతిపనే. పేరు లేకుండా రాస్తే తప్పెవరిదో తేలదు. నా పేరు రాసెయ్, వీళ్ళిద్దరివీ రాసెయ్. గుడ్ల సంగతి సరిచెయ్. నోటితో పలుకుతావో పలకవో నీ ఇష్టం. రాయడానికి మాత్రం నేనే సెలవిచ్చానని ఇంతమంది ముందు చెప్తున్నా.” ఆగి మళ్ళీ అన్నాడు. “లేకపోతే దేశంలో బడిపిల్లలందరికీ నేను మామగార్ని అయిపోతా. అంతమంది కోడళ్ళని నేనెక్కడ భరించను?”

ఊల్కాన్ రెండు చేతులతో అంగిలి అందుకుంది. మోకాళ్ళు వంచి వందనం చేసింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. ఆ సాయంత్రమే పిండి డబ్బా కింది ఉత్తరం తీసి, అన్నిటికన్నా ముందు గద్ద బొమ్మ కింద ఆ పేరు రాసింది. మా లిపిలో ఆ ఆరక్షరాలు రాయడానికి అరగంట పట్టిందని సాత్కిన్ చెప్పేవాడు. రాసింది గానీ పలకలేదు. సెలవు ఇచ్చినా నోరు ఒప్పుకోలేదు.

అప్పటి నుంచి ఆమె ఏం రాసినా మొదట వినేది ముసలాయనే. మధ్యలో గద్దతో మాట్లాడే నటన కూడా మానేశాడు. కోడలు ఒక పక్కకి తిరిగి చదివేది, ఆయన ఇంకో పక్కకి తిరిగి వినేవాడు. ప్రతి వాక్యానికీ ఒకటే ప్రశ్న. చూశావా, విన్నావా? ‘విన్నాను’ అంటే, అయితే విన్నానని రాయి అనేవాడు. ఆ మాట పట్టుకుని ఊల్కాన్ తన పుస్తకాలన్నిటిలో పేజీ అంచున చిన్న బొమ్మలు పెట్టించింది. తను చూసిన విషయం పక్కన కన్ను బొమ్మ, ఎవరో చెప్పగా విన్న విషయం పక్కన చెవి బొమ్మ. మా పిల్లలు ఈనాటికీ ఎవరైనా కోతలు కోస్తే, ‘ఇది కన్నా, చెవా’ అని అడుగుతారు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకి తెలియదు.

మొత్తం పదకొండు పుస్తకాలు. గొర్రె పొట్టలో నాలుగు గదులెందుకున్నాయో ఒకటి, గడ్డకట్టిన నది ఎందుకు మూలుగుతుందో ఒకటి, ఉన్ని గుడారం గాలికి ఎందుకు పడిపోదో ఒకటి. అన్నీ పలకపుస్తకమంత చిన్నవే. ప్రతి పేజీలోనూ వర్ణన ముందు, పేరు చివర్న. తర్వాత దేశం మారి, ప్రచురణాలయం మూతపడ్డ రోజుల్లో కూడా ఆమె ఆగలేదు. కార్బన్ కాగితాలు పెట్టి రాసి, ఉన్నిదారంతో కుట్టి, పాత డబ్బాల అట్టలు వేసి బడికి తెచ్చేది. నా దగ్గర అలాంటిది ఒకటుంది. దాని అట్ట మీద ఇప్పటికీ సబ్బుల కంపెనీ బొమ్మ కనిపిస్తుంది. అదంతా తర్వాతి సంగతి. ముందు ముసలాయన కళ్ళ సంగతి చెప్పాలి.

డెబ్భై అయిదు దాటాక ఆయనకి చూపు పోయింది. అంతకు ముందే ఒక శరత్కాలంలో తన గద్దని కొండ మీదకి తీసుకుపోయి, తోలుటోపీ తీసేసి, ఒక గొర్రెని కోసి పెట్టి వదిలేసి వచ్చాడు. ఇక ఇంట్లో గద్ద లేదు, కళ్ళూ లేవు. రోజూ టీ అయ్యాక, ఊల్కాన్‌ని ఆ మొదటి పుస్తకం తీసుకురమ్మనేవాడు. వేరే ఏదీ వద్దు, తొమ్మిదో పేజీ చాలు. ఆమె చదివేది. కొండకొమ్మున ఒంటరిగా కూర్చోవడం, కాలివేళ్ళ దాకా ఈకలు, పాత గూటి మీదే కొత్త కొమ్మలు, సాధారణంగా రెండు, ఒక్కోసారి మూడు గుడ్లు. పేజీ చివరి వాక్యం ఇది: ‘ఇన్ని లక్షణాలున్న ఈ పక్షి పేరు’. అక్కడికొచ్చి ఆమె ఆగిపోయేది. ఒక్క మాట మిగిలి ఉండేది.

“బుర్కుత్,” అనేవాడు ముసలాయన.

అంతే. పుస్తకం మూసేది. ఆయన గడ్డం నిమురుకుని, మూడు పెట్టింది, నేను చూశాను అనేవాడు. అయిదేళ్ళు, పండగ లేదు పబ్బం లేదు, రోజూ ఇదే తంతు. కాల్బూబూకి విసుగొచ్చి ఒకసారి, పేరే కదా, ఆయన సెలవిచ్చి పదేళ్ళు దాటింది, నువ్వే అనేసి త్వరగా ముగించరాదటే అంది. ఊల్కాన్ నవ్వి, ఆ మాట ఆయన వంతు అత్తమ్మా అంది.

తన ఎనభై ఒకటో ఏట, ఫిబ్రవరిలో ఆయన పోయాడు. చావుకని ఇంటి ముందు వేసిన గుడారంలో ఆడవాళ్ళందరూ గోడ వైపు తిరిగి కూర్చుని శోకాలు పెట్టారు. రాసే కోడలు గనక శోకగీతం ఊల్కానే కట్టాలన్నారు. కట్టి పాడింది. కొండకొమ్ముందీ, ఒంటరితనముందీ, తొలగించిన తోలుటోపీ ఉంది. పేరు లేదు. బయట నిలబడ్డ మగవాళ్ళలో షుమ్కార్ అందరికన్నా గట్టిగా ఏడ్చాడు.

ఏప్రిల్లో, మంచు కరగడం మొదలైన వారం, ఊల్కాన్ మూడో తరగతికి ఆ పుస్తకం తీసుకెళ్ళింది. ఆయన పోయాక దాన్ని తెరవడం అదే మొదటిసారి. ఆమెకి నలభై మూడేళ్ళు, తలకి ఆ తెల్లగుడ్డే. ఇరవై ఏడుగురు పిల్లలు బెంచీల మీద బుద్ధిగా కూర్చున్నారు. మామూలుగా చదువుతూ పోయింది. ఈకల మేజోళ్ళ దగ్గర పిల్లలు నవ్వారు. గూటి దగ్గర ఎవరో, మా ఇల్లు కూడా అంతే అక్కా అన్నారు. సాధారణంగా రెండు, ఒక్కోసారి మూడు. ఆ వాక్యం పక్కన చెవి బొమ్మ ఉంది. ‘ఇన్ని లక్షణాలున్న ఈ పక్షి పేరు’ దాకా వచ్చి, అలవాటు చొప్పున ఆగింది.

ఎవరూ పలకలేదు. ఆమె అలాగే పుస్తకం పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్ళూ ఆ మాట పలకకుండా ఆగడం ఆమెకి అలవాటే. ఇవాళ ఆగిన చోట ఇంకో మనిషి లేడు. అది తను ముందే అనుకుని రాలేదు, ఆ క్షణంలోనే తెలిసొచ్చింది. కళ్ళు మసకబారి అక్షరాలు కనబడలేదు.

టీచరక్క చోటు మర్చిపోయిందనుకున్నారు పిల్లలు. మొదటి బెంచీ వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికీ తెలిసిన మాటే గదా, ఆ మాత్రం అందిద్దామని తరగతి తరగతంతా ఒక్కసారిగా అంది.

“బుర్కుత్, అక్కా.”

ఊల్కాన్ పుస్తకం మూసింది.

“అవును,” అంది. “ఆయనే.”